నార్వే గీతంలో రెండో చరణం

ఆ రోజుల్లో నన్ను కదలకుండా ఒకచోట నిలబెట్టగలిగినవి రెండే ఉండేవి. ఒకటి జాతీయగీతం, రెండోది అమెరికా విమానాశ్రయంలోని ఇమిగ్రేషన్ వరుస. వరుసలో గత్యంతరం లేక నిలబడేవాణ్ణి. గీతానికి మాత్రం పెంపకం వల్ల నిలబడేవాణ్ణి. మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులు. జనవరి ఇరవై ఆరున రేడియోలో గీతం వినిపించిందంటే, మా ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నా లేచి, మడమలు కలిపి, ఎదుటి గోడమీద చూపు నిలిపి నిలబడవలసిందే. ఒక ఏడాది సరిగ్గా ఆ సమయానికి నేను పప్పన్నం కలుపుతున్నాను. కలిపిన చేతిని అలాగే తొడకు ఆనించి నిలబడ్డాను. గీతం ముగిశాక మా అమ్మ నా నిక్కరును చూసి ఏదో అనబోతే, నాన్నగారు "వాడు నిలబడ్డ తీరు చూడు, నిక్కరు సంగతి తర్వాత" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు బహు తక్కువ కనుక ఇది నాకు బాగా గుర్తుండిపోయింది. (ఈనాటి పిల్లలు గీతం వినిపిస్తుంటే ఒక కాలిమీద బరువు వేసి, ఫోను చూసుకుంటూ నిలబడతారు. దాన్ని నిలబడడం అనరాదు. పడిపోకుండా ఉండడం అనవచ్చు.) ఇంతటి శిక్షణ పొందినవాడు, నలుగురి ముందు ఒక జాతీయగీతాన్ని పాడబోయి ఏం చేశాడో చెప్పడానికి ఈ వ్యాసం. ఆ గీతం మనది కాదు, అమెరికాది కూడా కాదు. నార్వే దేశానిది.

అమెరికాలో నార్వే గీతమేమిటని సందేహం రావడం సహజం. నేను ఎం.ఎస్. చదివిన మిన్నెసోటాలోని ఆ చిన్న పట్టణంలో ఏ తలుపు తట్టినా తాతముత్తాతలు నార్వే నుంచి పడవలో వచ్చిన కుటుంబమే కనిపించేది. నా చదువు ముగిసింది రెండువేల రెండో సంవత్సరం చివర్లో. కంప్యూటర్ కంపెనీలు లోపల ఉన్నవాళ్లనే బయటికి పంపుతున్న కాలం. బయట ఉన్నవాణ్ణి లోపలికి పిలిచే నాథుడు లేడు. చదువు తర్వాత ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే ఏడాది అనుమతి (దాన్నే మేము ఓపీటీ అనేవాళ్లం) ఉద్యోగం లేకుండానే కరిగిపోతున్నది. పడమటి తీరంలోని శాంటా క్లారా నుంచి తూర్పున ఉన్న క్యారీ దాకా కంపెనీ అన్నదానికల్లా రెజ్యూమే పంపి, ఫోను కోసం ఎదురుచూడడమే నా వృత్తి అయింది. ఎదురుచూపులు కూర్చొని చూసేవాళ్లుంటారు. నేను నడుస్తూ చూసేవాణ్ణి. పొద్దున కాఫీ నుంచి రాత్రి పడక దాకా ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు. కూర్చుంటే కాళ్లలో ఏదో పాకినట్టుండేది. పడుకుంటే ఫోను మోగినట్టుండేది. మేముండేది ఒక పాత చెక్క ఇంటి మేడమీది గదిలో. నాతోపాటు ఆ గదిని పంచుకున్నది కరీంనగర్ నుంచి వచ్చిన విద్యార్థి. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. నేను తమ్ముడూ అనేవాణ్ణి. (నా వెనకాల అతను నన్ను హెడ్మాస్టర్ అనేవాడని తెలుసు. ముందు అనలేదు కనుక క్షమించాను.)

"అన్నా, నువ్వు నడిచిన నడకకు ఈపాటికి క్యారీ చేరుతుండె. ఇంటర్వ్యూ డైరెక్ట్‌గ ఆడనే అటెండ్ అయితుంటివి," అనేవాడు తమ్ముడు, దుప్పటి తొలగించకుండానే.

కింద ఇంటావిడ, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు పాఠశాలలో సంగీతం నేర్పినవారు. మార్చి నెలలో ఒక సాయంకాలం ఆవిడ మెట్లెక్కి మా గదికి వచ్చారు. చేతిలో పలుచటి పొడవాటి చెక్క బద్ద ఉంది. వాళ్లు బంగాళాదుంపలతో మన పుల్కాలాంటి రొట్టె ఒకటి చేస్తారు. దాన్ని పెనం మీద తిప్పడానికి వాడే బద్ద అది. నా నడక వల్ల ఆమె వంటింటి దీపం ఊగుతోందని ఫిర్యాదు చేస్తారనుకొని, తప్పు ఒప్పుకోవడానికి సిద్ధపడి లేచి నిలబడ్డాను. దీపం ఊగుతున్న మాట నిజమేనని ఆవిడ అన్నారు. అయితే ఆ ఊగడంలో ఒక లయ ఉన్నదనీ, తాను రొట్టెలు చేస్తూ వారం రోజులుగా లెక్క చూసుకుంటున్నాననీ, ఒక్కసారి కూడా తాళం తప్పలేదనీ చెప్పి, "నువ్వు పాడతావా అబ్బాయ్?" అని అడిగారు.

విషయం ఏమిటంటే, ఆ ఊళ్లో నార్వే సంతతివాళ్లకు ఒక సంఘం ఉంది. ఆ సంఘానికి ఇంటావిడ తండ్రిగారు స్థాపించిన పురుషుల గాయకబృందం ఒకటి ఉంది. ఆయన తర్వాత దాన్ని ఈవిడే నడిపిస్తున్నారు. ఏటా మే పదిహేడున, అంటే నార్వే రాజ్యాంగ దినోత్సవం నాడు, ఊరేగింపు ముగిశాక ఈ బృందం జాతీయగీతం పాడాలి. కనీసం ఎనిమిది గొంతులుండాలని ఆ తండ్రిగారే పెట్టిన నియమం. ఒకనాడు ముప్పైమంది ఉన్న బృందంలో ఇప్పుడు ఆరుగురు మిగిలారు, అందులోనూ ఒకాయనకు తుంటి నొప్పి. ఈ ఏడాది ఎనిమిదిమందీ సమకూడి, తడబడకుండా పాడకపోతే, వచ్చే ఏటినుంచి బృందాన్ని రద్దుచేసి సీడీ పెట్టి గీతం వినిపించాలని సంఘం తీర్మానించింది.

"మీట నొక్కడం ఒకసారి అలవాటైతే మనుషులు మళ్లీ నోరు తెరవరు," అన్నారు ఇంటావిడ. "మా నాన్న పెట్టిన బృందం నా చేతుల్లో ఆగిపోకూడదు."

నాకు పాట రాదని మనవి చేశాను. ఉన్న ఆరుగురికీ కూడా రాదని ఆవిడ నిష్కర్షగా చెప్పారు. అప్పటికే నాకు ఏదో ఒక పని చేయకపోతే పిచ్చిపట్టేటట్టుంది. పైగా తండ్రి నిలిపినదాన్ని నిలబెట్టాలనే మాట మా నాన్నగారి కొడుక్కి ఎక్కడో తగిలింది. సరేనన్నాను. తమ్ముణ్ణి అడిగితే, రిహార్సల్లో కేకు పెడతారా అని విచారించి, పెడతారని తెలిశాక తనలోని కళాకారుణ్ణి బయటికి తీశాడు.

తీర్మానం తెచ్చినాయన సంఘాధ్యక్షుడు. ఆయన్ను ఊరంతా నావికుడనే పిలిచేది. ఆ సంఘంలో నిజంగా నార్వేలో పుట్టినవాడు ఆయన ఒక్కడే; యువకుడిగా ఓడలో పనిచేస్తూ ఈ రాష్ట్రంలోని సరస్సు రేవుకు వచ్చి, దిగి, మళ్లీ ఎక్కలేదట. మొదటి రిహార్సల్లో మమ్మల్నిద్దర్నీ తలనుంచి కాళ్లదాకా పరిశీలించి, "వేరేగా ఉంది" అన్నాడు. నేను మర్యాదగా కృతజ్ఞతలు చెప్పాను. తర్వాత ఇంటావిడ విడమరచి చెప్పారు. ఆ ప్రాంతంలో ఎవరూ దేన్నీ బాగాలేదని అనరట. నచ్చకపోతే 'వేరేగా ఉంది' అంటారు. మనసారా నచ్చితే 'ఫరవాలేదు' అంటారు. అంతకు పైన ప్రశంస లేదు, కింద తిట్టు లేదు. నావికుడు మాత్రం ఆ రోజు ఇంకొక వాక్యం కూడా అన్నాడు. అర్థం తెలియని నోళ్లు పాడేకన్నా సీడీయే నయమనీ, దానికి కనీసం ఉచ్చారణ ఉంటుందనీ ఆయన అభిప్రాయం. ఆ మాట మా ఇద్దరినీ ఉద్దేశించి అన్నాడని అనుకున్నాను కానీ, ఆ ఆరుగురు ముసలివాళ్లు కూడా కాఫీ కప్పుల్లోకి చూడసాగారు.

ఎందుకో తర్వాత తెలిసింది. అర్థం ఎవరికీ తెలియదు. ఏ పాఠమైనా తాత్పర్యంతో సహా నేర్చుకోవడం నా పద్ధతి గనుక, గీతానికి భావమేమిటని ఒక్కొక్కరినీ అడిగాను. తుంటి నొప్పి ఆయన, అది వింటే తాతగారి పశువులకొట్టం వాసన వస్తుందన్నాడు. మరొకాయన తనకు నార్వే భాషలో భోజనం ముందు చేసే ప్రార్థన, ఒక బూతు మాట, ఈ పాట, ఈ మూడే వచ్చునన్నాడు. ఇంటావిడ కొండలూ సముద్రమూ అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, తన తల్లి ఈ పాట పాడుతూ రొట్టె తిప్పేదనీ, పాట అయ్యేసరికి రొట్టె కాలి సిద్ధమయ్యేదనీ చెప్పారు. నాకు అసంతృప్తి కలిగింది. ఇది తాత్పర్యం కాదు, వంటల పుస్తకం. ఆ రాత్రే ఈ సంగతి చెప్పి, ఇంత నిర్లక్ష్యమా అని తమ్ముడి ముందు వాపోయాను.

"మన పెండ్లిల మంత్రాలకు ఎవడన్న మీనింగ్ అడిగిండా అన్నా? సన్నాయి మోగంగనే అక్షింతలు ఏసుడే గద," అన్నాడు తమ్ముడు.

నేను మళ్లీ నడక మొదలుపెట్టాను.

బృందానికి నా మొదటి సేవ గాత్రం కాదు, క్రమశిక్షణ. ఆ ఆరుగురూ నిలబడే తీరు చూస్తే సంతలో బేరం కుదరక నిలబడ్డవాళ్లలా ఉండేది. ఒకరు జేబులో చేయి, ఒకరు చంకలో టోపీ. నేను ఎన్.సి.సి.లో నేర్చిన 'సావధాన్', 'విశ్రామ్' వాళ్లకు నేర్పాను. మొదట్లో బిడియపడ్డారు గానీ, రెండు వారాల్లో ఇంటావిడ రొట్టెబద్ద ఎత్తి "సావధాన్" అనగానే తొమ్మిది పదుల వయసుకు దగ్గరపడ్డ మడమలు కూడా దగ్గరికి చేరడం ప్రారంభించాయి. (తుంటి నొప్పి ఆయనకు శాశ్వతంగా విశ్రామ్ మంజూరు చేశాను.) నావికుడు ఒక మూలన కూర్చొని ఇదంతా చూస్తుండేవాడు. వేరేగా ఉందని కూడా అనేవాడు కాదు.

ఇక్కడే పొరపాటు మొలకెత్తింది. రిహార్సల్లో ఇంటావిడ మొదటి చరణాన్నే నాలుగైదుసార్లు పాడించేవారు. ఆ తర్వాత బద్ద కింద పెట్టి, "వరస అంతా ఒకటే, మిగతాది మీకు తెలిసిందేగా" అనేవారు. ఆరుగురూ తలలూపి కేకు వైపు నడిచేవాళ్లు. మిగతాది నాకు తెలియదు. తెలియదని అడగడం చిన్నతనమనిపించింది. గ్రంథాలయానికి వెళ్లి పాటల పుస్తకం తీస్తే, గీతానికి ఎనిమిది చరణాలున్నాయి. మనకు పాఠ్యభాగం ఎనిమిది పద్యాలని చెబితే ఎనిమిదీ వస్తాయి గదా. మొదటి చరణంలో ఏ అక్షరానికి ఏ శబ్దమో గమనించి, ఆ లెక్కన మిగతా ఏడింటినీ తెలుగు లిపిలో పెద్దక్షరాలతో రాసి, గది గోడలకు అతికించాను. తూర్పు గోడకు నాలుగు, పడమటి గోడకు మూడు. చిన్నప్పుడు శతక పద్యాలను నాన్నగారు పెరట్లో నడిపిస్తూ వల్లె వేయించేవారు. ఆ పద్ధతినే పాటించాను. ఎన్నో నెలలకు నా నడకకు ఒక ప్రయోజనం దొరికింది. ఒక గోడ దగ్గరికి వెళ్లేసరికి ఒక చరణం, తిరిగి వచ్చేసరికి ఇంకొకటి. ఫోను మోగలేదన్న సంగతి అయిదో చరణం దాకా గుర్తురాకపోవడం నాకే ఆశ్చర్యం కలిగించింది. కింద దీపం ఎలా ఊగిందో తెలియదు. తమ్ముడు మాత్రం మొదటి చరణం నేర్చుకొని, మిగిలినవాటికి పెదవులు కదిపితే చాలునని తీర్మానించుకున్నాడు. అలాంటివాడు జీవితంలో ఏం సాధిస్తాడని అప్పట్లో బాధపడ్డాను. (ఇప్పుడు ఆయన ఒక పెద్ద కంపెనీలో వైస్ ప్రెసిడెంట్.)

మే పదిహేడు శనివారం వచ్చింది. రాజ్యాంగ దినోత్సవమన్నారు కదా అని, మన జనవరి ఇరవై ఆరులా కవాతూ, సైనిక వందనమూ ఉంటాయని ఊహించుకొని, తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఇస్త్రీ చేసి, బూట్లలో ముఖం కనబడేదాకా పాలిష్ పట్టాను. చూస్తే సైనికుడన్నవాడు లేడు. ఊరేగింపంతా పిల్లలే. చేతికో చిన్న జెండా, రెండో చేతిలో ఐస్‌క్రీము. వెనక ఎండలో ఉన్ని దుస్తులు తొడుక్కొని చెమటలు కక్కుతున్న పెద్దలు, రొట్టెలో దూర్చిన సాసేజీలు తింటూ. ఒక కుక్కకు కూడా ఎరుపు, తెలుపు, నీలం రిబ్బను కట్టారు. వరస తప్పకుండా నడిచింది అదొక్కటే. జనం అటూ ఇటూ చేతులూపుకుంటున్నారు, ఎవరి అడుగు ఎవరితోనూ కలవడం లేదు. నేను ఉండబట్టలేక పిల్లల్ని ఇద్దరేసి చొప్పున నిలబెట్టబోతే, ఒక పాప నా చేతికి తన ఐస్‌క్రీము ఇచ్చి పట్టుకొమ్మని చెప్పి పరుగెత్తిపోయింది.

ఊరేగింపు గ్రంథాలయం ముందున్న పచ్చికలో ఆగింది. మెట్లమీద బృందం నిలబడింది. ఇంటావిడ మా ఎనిమిదిమంది చొక్కాలకూ రిబ్బన్లు గుచ్చారు. నాకు గుచ్చేటప్పుడు ఆవిడ చూపు మాటిమాటికీ పక్కకు పోవడం గమనించాను. ఎందుకో పక్కకు చూస్తే అర్థమైంది. మెట్ల కింద ఒక బల్ల, దానిమీద సీడీ ప్లేయరు, దాని పక్కన నావికుడు. బృందం తడబడితే జాతీయగీతానికి అవమానం జరగకుండా అక్కడికక్కడే మీట నొక్కాలని సంఘం నిర్ణయించిందట. అంటే బృందం ఆయుష్షు ఆయన చూపుడువేలి కింద ఉంది. ఆ వేలు అప్పటికే మీటమీద ఉంది.

ఇంటావిడ రొట్టెబద్ద ఎత్తి "సావధాన్" అన్నారు. మడమలు కలిశాయి. జనం టోపీలు తీశారు. మొదటి చరణం మేమెన్నడూ పాడనంత బాగా వచ్చింది. జనంలో కొందరు గొంతు కలిపారు కూడా. నేను మా నాన్నగారు నేర్పినట్టు జెండామీద చూపు నిలిపాను. పక్కకు గానీ, కిందికి గానీ, ముఖ్యంగా ఇంటావిడ చేతి వైపు గానీ చూడలేదు. చరణం ముగిసింది. ఊపిరి పీల్చి, రెండో చరణం ఎత్తుకున్నాను.

ఎత్తుకున్నది నేనొక్కణ్ణే. మిగతావాళ్లంతా వేరే ఏవో మాటలు మొదలుపెట్టి, నా గొంతుకు అదిరిపడి ఆగిపోయారు. ఆ దేశమంతటా, దాన్ని విడిచివచ్చిన సంతతి అంతటా, మొదటి చరణం తర్వాత తిన్నగా చివరి రెండింటికి వెళ్లిపోవడమే ఆచారమట. అది అక్కడ పుట్టిన పసివాడికి కూడా తెలిసిన సంగతి కావడం వల్ల ఎవరూ నాకు చెప్పలేదు. నాకు మాత్రం ఆ క్షణంలో తోచింది వేరు. ఈ ఆరుగురూ వయోభారం వల్ల మరిచిపోయారు. తమ్ముడు ఎలాగూ నేర్చుకోలేదు. కనుక బృందాన్ని నిలబెట్టవలసిన భారం నామీద పడింది. గొంతు ఇంకా పెంచాను.

వెనకనుంచి తమ్ముడు పెదవులు కదపకుండా "అన్నా, స్టాప్. అన్నా, ఎవ్వరు పాడుతలేరు. అన్నా, దండం పెడత, ఆపు," అంటున్నాడు. గీతం మధ్యలో మాట్లాడడం ఎంత అనాగరికమో గీతం అయ్యాక చెప్పాలనుకున్నాను. అయితే ఆ మాట చెవిలో పడ్డాక చెవులు నిక్కించి విన్నాను. చుట్టూ అంతా నిశ్శబ్దం; అందులో నా ఒక్కడి గొంతే, గూడూరు స్టేషన్లో రైలు పేరు చెప్పే గొంతులా ధ్వనిస్తున్నది. ఆపుదామంటే గీతం మధ్యలో ఆపరాదు. సాగిద్దామంటే కాళ్లు పారిపొమ్మంటున్నాయి. కన్ను మొట్టమొదటిసారి జెండామీదనుంచి జారింది. ఇంటావిడ బద్ద గాలిలో ఆగిపోయి ఉంది. ఆవిడ నన్ను చూడడం లేదు, నావికుడి వేలిని చూస్తున్నారు.

వేలు మీటమీదనుంచి లేచింది. నావికుడు ఆ చేత్తో టోపీ తీసి బల్లమీద పెట్టాడు. రెండో చరణం చివరి పాదంలో ఆయన గొంతు కలిసింది.

ఆ గొంతు ముందు బొంగురుగా, వాడని తలుపు తీసినట్టు వచ్చింది. మూడో చరణానికి సర్దుకుంది. నా శబ్దాలకూ ఆయన శబ్దాలకూ పొంతన లేదు. ఒకే దారిలో ఒకరు ఎడ్లబండిలో, ఒకరు కారులో వెళుతున్నట్టుంది. అయినా ఇద్దరం ఒకే పాదం దగ్గర మొదలై ఒకే పాదం దగ్గర చేరుకున్నాం. మూడు, నాలుగు, అయిదు, ఆరు. జనం జాతీయగీతం గనుక కదలడానికి లేదు. పిల్లల ఐస్‌క్రీములు మోచేతుల దాకా కరిగాయి. సాసేజీ కాల్చేవాడు చేతిలో పట్టుకారుతో సావధాన్‌లో ఉండిపోతే వెనక పొగ లేచింది. తుంటి నొప్పి ఆయన మెట్టుమీద కూర్చొని కూర్చునే చేయి గుండెమీద పెట్టుకున్నాడు. ఏడో చరణం రాగానే బృందానికీ, ఇంటావిడ బద్దకూ, పచ్చికమీది జనానికీ ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. చివరి రెండు చరణాలూ ఎంత బిగ్గరగా పాడారంటే, అది దేశభక్తో, ముగింపు దగ్గరపడిందన్న ఆనందమో ఈనాటికీ నిర్ధారించలేను.

నేను నేరుగా ఇంటావిడ దగ్గరికి వెళ్లి, బృందాన్ని నా చేతులతో ముంచేశానని క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ నా వెనక్కి చూశారు. నావికుడు మూడు కప్పుల కాఫీ తెస్తున్నాడు. ఒకటి నాకిచ్చి, గీతానికి అర్థం అడిగావు కదా అని మొదలుపెట్టాడు. ఆయన పదేళ్లవాడుగా ఉన్నప్పుడు ఆ దేశం జర్మనీ సైన్యం కింద ఉండేదట. మే పదిహేడున జెండా నిషేధం, రిబ్బను నిషేధం, పాట నిషేధం. చేపలు పట్టే వాళ్ల చిన్న ఊళ్లో ఒక మేష్టారు తలుపు మూసి, బోర్డుమీద ఏమీ రాయకుండా, పెదవులు మాత్రం కదిపేవాడట. పిల్లలు ఆయన పెదవులు చూసి తమ పెదవులు కదిపేవారు. బయట బూట్ల చప్పుడు తప్ప గదిలో చప్పుడు ఉండేది కాదు. అలా ఎనిమిది చరణాలూ నేర్చుకున్నారు. యుద్ధం ముగిసిన రోజున ఊరంతా వీధిలోకి వచ్చి పాడింది గానీ, ఆచారం ప్రకారం మూడే పాడింది. మిగతావి కూడా పాడండని చెప్పడానికి అప్పటికి ఆ మేష్టారు లేడు.

"ఆ అయిదు చరణాలు నా గొంతులో ఎలా ఉంటాయో నాకు తెలియదు," అన్నాడు నావికుడు. "ఇవాళే విన్నాను."

ఏమనాలో తెలియని చోట మాట్లాడకపోవడం ఉత్తమం. అప్పట్లో నాకది తెలియదు. నా ఉచ్చారణ ఎలా ఉందని అడిగాను.

ఆయన కాఫీ ఒక గుక్క తాగాడు. "వేరేగా ఉంది" అన్నాడు. మరో గుక్క తాగి, సీడీ ప్లేయరు తీగను చేతికి చుట్టుకుంటూ ఇంటావిడ వైపు తిరిగి, "బృందం ఫరవాలేదు" అన్నాడు.

ఇంటావిడ వెంటనే అటు తిరిగి, ఎవరిదో రిబ్బను సరిచేయడం మొదలుపెట్టారు. సరిచేయవలసిన రిబ్బను అక్కడ ఏదీ లేదు. నావికుడు ప్లేయరును చంకన పెట్టుకొని వెళ్లి కారు డిక్కీలో పడేసి వచ్చాడు. తీర్మానం ఆ సాయంత్రమే రద్దయింది. (వచ్చే ఏటినుంచి మూడు చరణాలే పాడాలని ఇంకో తీర్మానం చేశారనీ, దాన్ని సాసేజీ కాల్చేవాడు ప్రతిపాదించాడనీ తర్వాత విన్నాను.) ఇంటావిడ నాకు రెండు ముక్కలు కేకు పెట్టి, ఇకమీదట బద్దను చూడమనీ, జెండా ఎక్కడికీ పోదనీ మందలించారు. తమ్ముడు నా పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుంటూ, "అయిదు చరణాలు వీళ్లంత చాయిస్‌ల ఇడిచిపెట్టిన్రు అన్నా. నువ్వొక్కనివే ఫుల్ సిలబస్ రాసినవ్," అన్నాడు.

వెళ్లబోతూ నావికుడు మా దేశపు గీతానికి ఎన్ని చరణాలని అడిగాడు. ఒక్కటేననీ, యాభై రెండు సెకన్లలో ముగుస్తుందనీ, పాడడంలో ఆలస్యాన్ని మేము సహించమనీ గర్వంగా చెప్పాను. ఆయన తల పంకించి, పద్ధతైన దేశమన్నాడు. నాలుగు వారాలకు క్యారీ నుంచి ఫోను వచ్చింది. నేను సామాను సర్దుకుంటుంటే, ఇంక తన దీపం కదలదని ఇంటావిడ అన్నారు. అది ఫిర్యాదో మెప్పో ఆ ప్రాంతపు భాషలో తేల్చడం కష్టం.

అప్పటినుంచి ఇప్పటిదాకా క్యారీలోనే ఉన్నాను. ఇక్కడి తెలుగువాళ్ల ఆగస్టు పదిహేను వేడుకల్లో పిల్లల్ని వరసగా నిలబెట్టే బాధ్యత నాదే. ఆ పిల్లలు కూడా నన్ను వెనకాల హెడ్మాస్టర్ అంకుల్ అంటారట. ఈ బిరుదు ఖండాంతరాలు దాటి ఎలా వచ్చిందో తెలియదు. ఈమధ్య ఒక వేడుక తర్వాత వాళ్లకు నార్వే గీతం కథ చెప్పి, నేర్చుకుంటే పూర్తిగా నేర్చుకోవాలని నీతి బోధించాను. వెనక వరసలోని ఒక అమ్మాయి ఫోను చూస్తూ చేయెత్తింది.

"అంకుల్, మన సాంగ్‌కి కూడా ఫైవ్ స్టాంజాస్ ఉన్నాయి అని ఉంది ఇక్కడ. మీకు అన్నీ వచ్చా?"

అలా ఉండదమ్మా అన్నాను. ఫోను లోపల పెట్టమన్నాను. ఇంటికి వచ్చి, తలుపు వేసుకొని చూశాను. కవి రాసిన మూలగీతానికి అయిదు ఉన్నాయి. నాలుగింటిని ఇన్నేళ్లూ, నాన్నగారితో సహా, చాయిస్‌లో వదిలేశాం. నావికుడికి నేను చెప్పిన సమాధానం జ్ఞాపకం వచ్చి, ఆ రాత్రి పాతకాలపు నడక మళ్లీ కాళ్లలోకి వచ్చింది. తెలుగు లిపిలో పెద్దక్షరాలతో రాసి, వంటింటి అలమరాకు రెండు, ఫ్రిజ్‌కు రెండు అతికించాను.

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. నాకు నడవకపోతే కంఠస్థం కాదు. నడుస్తూ జాతీయగీతం పాడడం మా ఇంటి పెంపకంలో లేదు. మొన్న రెండో చరణం గొణుగుతూ పొయ్యి దగ్గరనుంచి ఫ్రిజ్ దాకా నడుస్తుంటే, మా ఆవిడ కూర తరుగుతూ, "మామయ్యగారు చూస్తే ఏమనేవారు?" అన్నది. అక్కడికక్కడే మడమలు కలిపి నిలబడిపోయాను. నిలబడగానే తర్వాతి పాదం మరిచిపోయాను. అందుకని ప్రస్తుతం ఒక ఏర్పాటు చేసుకున్నాను. పాదం చూసుకుంటూ నాలుగడుగులు. ఆగి, సావధాన్‌లో, ఆ పాదం పాడడం. ఈ లెక్కన రెండో చరణం సగం దాకా వచ్చింది. నిన్న పాడుతూ పాడుతూ తల ఎత్తి చూస్తే, వంటింటి దీపం కదలడం లేదు. ఈ ఇళ్లు గట్టివి, కదలదు. అయినా కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.